ఒక్కడే నిలిచిన న్యాయమూర్తి – జాన్ మార్షల్ హార్లన్

గొప్పవారి జీవిత చరిత్రలు చదివేటప్పుడు వారు పుట్టుకతోనే గొప్పవారని మనకు అనిపిస్తూ ఉంటుంది. చిన్ననాడే సత్యం పలికారనీ, చిన్ననాడే అన్యాయాన్ని ఎదిరించారనీ చదువుతాం. చదివి, అది మనవల్ల అయ్యే పని కాదులే అని పుస్తకం మూసేస్తాం. ఇప్పుడు చెప్పబోయే మనిషి అలాంటివారు కాదు. ఆయన బానిసలున్న ఇంట్లో పుట్టారు. తానూ బానిసలను ఉంచుకున్నారు. బానిసత్వాన్ని రద్దు చేయవద్దని సభల్లో మాట్లాడారు. అదే మనిషి తరువాత అమెరికా సుప్రీంకోర్టులో కూర్చుని, తోటి న్యాయమూర్తులందరూ ఒకవైపు ఉంటే తానొక్కడే నల్లజాతి వారి పక్షాన నిలిచారు. ఆయనే జస్టిస్ జాన్ మార్షల్ హార్లన్.

బాల్యం – విద్యాభ్యాసం

హార్లన్ 1833 జూన్ 1న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, బాయిల్ కౌంటీలో జన్మించారు. తండ్రి జేమ్స్ హార్లన్ పేరున్న వకీలు. అమెరికా పార్లమెంటు సభ్యుడిగానూ, కెంటకీ రాష్ట్ర అటార్నీ జనరల్‌గానూ పనిచేశారు. అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ అంటే ఆయనకు ఎంతో గౌరవం. అందుకే కొడుక్కి ఆ పేరే పెట్టుకున్నారు. కొడుకు వకీలు కావాలన్న నిర్ణయం ఉయ్యాలలోనే జరిగిపోయిందన్నమాట.

ఆ రోజుల్లో కెంటకీలో కలిగినవారి ఇళ్ళలో బానిసలు ఉండేవారు. హార్లన్ ఇంట్లోనూ ఉండేవారు. వారు వంట చేసేవారు, పిల్లలను పెంచేవారు, పొలం పనులు చూసేవారు. వారికి జీతం లేదు. వెళ్ళిపోవడానికి వీలు లేదు. జేమ్స్ హార్లన్ కొరడా పట్టే యజమాని కాదంటారు. ఒక ఆదివారం ఆయన కుటుంబంతో చర్చికి వెళుతుండగా, ఒక వ్యాపారి బానిసలను పశువులమందలా కొరడాతో తోలుకుపోతూ ఎదురయ్యాడట. ఆయన నడివీధిలోనే ఆ వ్యాపారిని నీచుడా అని తిట్టిపోశాడట. ఆ ఇంట్లో ఈ సంగతి తరతరాలు చెప్పుకున్నారు. అయితే అదే జేమ్స్ తన ఇంటి బానిసలందరినీ విడిచిపెట్టలేదు. కొరడా తప్పు అనుకున్నారు గానీ బానిసత్వం తప్పు అనుకోలేదు.

ఆ ఇంట్లోనే రాబర్ట్ హార్లన్ అనే మరొకరు పెరిగారు. 1816లో బానిసగా పుట్టిన మిశ్రమ జాతి బాలుడు. జాన్ కంటే వయసులో చాలా పెద్దవాడు. రాబర్ట్ జేమ్స్ కొడుకేనని చాలామంది చరిత్రకారులు భావించారు. ఈ విషయంలో పరిశోధకులు నేటికీ ఒక మాట మీద లేరు. ఒకటి మాత్రం నిజం. ఒకే కప్పు కింద పెరిగిన ఇద్దరిలో జాన్‌కు కాలేజీ తలుపులు తెరుచుకుంటే, రాబర్ట్‌కు మామూలు బడిలో కూడా చోటు దొరకలేదు. అయినా రాబర్ట్ ఇంట్లోనే చదువు నేర్చుకుని, వ్యాపారంలో రాణించి, స్వేచ్ఛ పొంది, సిన్సినాటి నగరంలో స్థిరపడి, 1886లో ఒహాయో శాసనసభకు ఎన్నికయ్యారు. నల్లజాతి వారికి తెలివి లేదు, చదువు అబ్బదు అని ఎవరైనా అంటే అది అబద్ధమని హార్లన్‌కు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది.

హార్లన్ 1850లో డాన్‌విల్‌లోని సెంటర్ కాలేజీలో పట్టభద్రులయ్యారు. లెక్సింగ్టన్‌లోని ట్రాన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1853లో వకీలుగా నమోదయ్యారు. 1856లో ఇండియానా రాష్ట్రానికి చెందిన మాల్వినా షాంక్లిన్‌ను వివాహం చేసుకున్నారు. మాల్వినా బానిసలు లేని రాష్ట్రంలో, బానిసత్వాన్ని అసహ్యించుకునే ఇంట్లో పెరిగినావిడ. ఈమె పేరు గుర్తు పెట్టుకోండి. మళ్ళీ ఈమె గురించి చెప్పవలసి వస్తుంది. 1858లో హార్లన్ ఫ్రాంక్లిన్ కౌంటీ జడ్జిగా ఎన్నికయ్యారు. సుప్రీంకోర్టుకు రాకముందు ఆయనకున్న న్యాయమూర్తి అనుభవం ఇదొక్కటే.

అంతర్యుద్ధం

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతామన్నాయి. కెంటకీ బానిసలున్న రాష్ట్రమే అయినా దేశంతోనే ఉండిపోయింది. హార్లన్ కూడా అంతే. ఆయన పదవ కెంటకీ పదాతి దళాన్ని సమీకరించి, దానికి కల్నల్‌గా ఉత్తరాది పక్షాన యుద్ధం చేశారు. 1863లో తండ్రి మరణించడంతో కుటుంబ భారం మీద పడి సైన్యానికి రాజీనామా చేశారు. అదే సంవత్సరం కెంటకీ అటార్నీ జనరల్‌గా ఎన్నికై 1867 వరకు ఆ పదవిలో ఉన్నారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. ఆయన దేశ సమైక్యత కోసం యుద్ధం చేశారే గానీ బానిసల విముక్తి కోసం కాదు. లింకన్ విముక్తి ప్రకటనను ఆయన వ్యతిరేకించారు. 1864 ఎన్నికల్లో లింకన్‌కు ఎదురు నిలిచిన మెక్‌క్లెలన్ తరఫున ప్రచారం చేశారు. బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణను కూడా వ్యతిరేకించారు. 1865 డిసెంబరులో ఆ సవరణ అమలులోకి వచ్చి చట్టం బలవంతం చేసేదాకా ఆయన తన బానిసలను విడిచిపెట్టలేదు.

మారిన మనిషి

యుద్ధం తరువాత మూడు సవరణలు అమెరికా రాజ్యాంగంలో చేరాయి. 1865 నాటి 13వ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. 1868 నాటి 14వ సవరణ ఆ దేశంలో పుట్టిన నల్లజాతి వారికి పౌరసత్వాన్ని, చట్టం ముందు సమాన రక్షణను ఇచ్చింది. 1870 నాటి 15వ సవరణ జాతి కారణంగా ఓటు హక్కు నిరాకరించరాదన్నది. కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ ఊళ్ళలో ముసుగులు వేసుకున్న కూ క్లక్స్ క్లాన్ ముఠాలు రాత్రిపూట నల్లజాతి వారి ఇళ్ళ మీద పడి కొట్టడం, కాల్చడం, ఉరితీయడం మొదలుపెట్టాయి. కెంటకీలోనూ ఈ హింస చెలరేగింది.

ఆ కాలంలోనే హార్లన్ మారారు. 1868లో ఆయన లింకన్ పార్టీ అయిన రిపబ్లికన్ పార్టీలో చేరారు. 1871లో, 1875లో ఆ పార్టీ తరఫున కెంటకీ గవర్నరు పదవికి పోటీ చేసి రెండుసార్లూ ఓడిపోయారు. ఆ సభల్లో ప్రత్యర్థులు ఆయన పాత ప్రసంగాలు బయటికి తీసి ఎగతాళి చేశారు. నిన్న ఒక మాట, నేడు ఒక మాటా అని నిలదీశారు. ఆయన తప్పించుకోలేదు. తాను అప్పుడు పొరబడ్డానని, బానిసత్వం లోకంలో ఉన్న నిరంకుశత్వాలన్నిటిలోకీ ఘోరమైనదని ఇప్పుడు నమ్ముతున్నానని, మాట మార్చుకోలేదని పేరు తెచ్చుకోవడం కంటే సరైన దారిలో ఉన్నానని అనిపించుకోవడమే తనకు ముఖ్యమని బహిరంగంగా చెప్పారు.

ఆయన మార్పుకు రాజకీయ అవసరం కూడా ఒక కారణమని కొందరు చరిత్రకారులు రాశారు. కావచ్చు. అయితే పదవి కోసం మారినవాడు పదవి దొరికాక ఆ మాటను మరిచిపోతాడు. హార్లన్‌కు జీవితాంతం తీసేయడానికి వీలులేని పదవి దొరికింది. ఆయన మాట ఎంత నిజమో ఆ పదవిలోకి వచ్చాకే తెలిసింది.

1877లో అధ్యక్షుడు హేస్ ఆయనను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా నియమించారు. ఒకనాటి బానిసల యజమానిని ఎలా నమ్మడమని సొంత పార్టీలోనే కొందరు సందేహించారు. చివరికి సెనేట్ ఆమోదించింది. 1877 డిసెంబరు 10న ఆయన ప్రమాణం చేశారు. అప్పటికి ఆయన వయసు 44 సంవత్సరాలు.

సిరాబుడ్డి కథ

1875లో అమెరికా పార్లమెంటు ఒక పౌరహక్కుల చట్టం చేసింది. హోటళ్ళలో, రైళ్ళలో, నాటకశాలల్లో జాతిని బట్టి ఎవరినీ అడ్డుకోరాదన్నది దాని సారాంశం. దాన్ని ఉల్లంఘించిన ఐదు కేసులు కలిసి సుప్రీంకోర్టుకు వచ్చాయి. ఒకచోట హోటల్లో గది ఇవ్వలేదు. ఒకచోట నాటకశాలలో సీటు ఇవ్వలేదు. టెనెసీలో ఒక నల్లజాతి మహిళను రైల్లో ఆడవారి పెట్టెలోకి ఎక్కనివ్వలేదు.

1883 అక్టోబరు 15న తీర్పు వచ్చింది. ఎనిమిది మంది న్యాయమూర్తులు ఆ చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లు చెల్లవన్నారు. 14వ సవరణ రాష్ట్ర ప్రభుత్వాలు చేసే వివక్షను మాత్రమే ఆపుతుందని, ఒక హోటలు యజమానో నాటకశాల యజమానో చేసే వివక్షను కాదని వారి వాదన. మాజీ బానిసలు ఇక చట్టం దగ్గర ప్రత్యేకమైన ముద్దుబిడ్డలుగా ఉండడం మానుకోవాలన్న ధోరణి కూడా ఆ తీర్పులో ఉంది. తొమ్మిదో న్యాయమూర్తి హార్లన్ ఒప్పుకోలేదు. మిగతావారితో విభేదించే న్యాయమూర్తి తన కారణాలను విడిగా రాయవచ్చు. దాన్ని అసమ్మతి తీర్పు అంటారు. అది అమలు కాదు. కానీ రికార్డులో ఉండిపోతుంది.

హార్లన్ రాయడానికి కూర్చున్నారు. రోజులు గడుస్తున్నాయి గానీ రాత సాగడం లేదు. మనసులో ఉన్నది కాగితం మీదికి రావడం లేదు. ఆయన దగ్గర ఒక పాత సిరాబుడ్డి ఉండేది. అది పూర్వపు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీది. నల్లజాతి వారు ఎన్నటికీ అమెరికా పౌరులు కాలేరని చెప్పిన 1857 నాటి డ్రెడ్ స్కాట్ తీర్పును టానీ ఆ బుడ్డిలోని సిరాతోనే రాశారని చెప్పుకునేవారు. దానిని టానీ బంధువు ఒకావిడకు ఇస్తానని హార్లన్ మాట ఇచ్చేశారు. ఇవ్వడం ఇష్టం లేని మాల్వినా దాన్ని దాచేశారు. ఎక్కడో పోయిందని హార్లన్ అనుకున్నారు. ఒక ఆదివారం ఆయన చర్చికి వెళ్ళినప్పుడు మాల్వినా ఆ బుడ్డిని బయటికి తీసి, తుడిచి మెరిపించి, కొత్త సిరా నింపి, రాత బల్ల మీద పెట్టారు. ఆయన తిరిగి వచ్చి చూశారు. అంతే, కలం కదిలింది. బానిసత్వాన్ని బలపరిచిన సిరాబుడ్డిలోంచే సమానత్వాన్ని కోరే తీర్పు పుట్టింది. ఈ సంగతి మాల్వినా తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసుకున్నారు.

ఆ అసమ్మతి తీర్పులో ఆయన చెప్పినది ఇది. రైలు ఎవరి సొంత ఆస్తి అయినా అది నడిచేది ప్రజల దారి మీద. హోటలు బాటసారులకు చోటివ్వాలని చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. నాటకశాల ప్రభుత్వ లైసెన్సుతో నడుస్తోంది. ఇవన్నీ ప్రజల కోసం ఉన్నవి కనుక ప్రజలందరినీ రానివ్వాలి. బానిసత్వాన్ని రద్దు చేయడమంటే సంకెళ్ళు తీసేయడం ఒక్కటే కాదు, ఆ బానిసత్వపు గుర్తులను కూడా చెరిపేయడం. నల్లజాతి వారు ఎన్నడూ ముద్దుబిడ్డలుగా లేరని, తెల్లవారికి ముందునుంచీ ఉన్నవాటినే వారు అడుగుతున్నారని ఆయన రాశారు. మాజీ బానిస, గొప్ప వక్త అయిన ఫ్రెడరిక్ డగ్లస్ ఈ తీర్పును ఎంతగానో మెచ్చుకున్నారు.

మిత్రులారా, 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగంలోని 15వ అధికరణం చదివి చూడండి. దుకాణాలు, హోటళ్ళు, వినోదశాలల్లోకి ప్రవేశించడంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడినీ అడ్డుకోరాదని అందులో స్పష్టంగా ఉంది. 1883లో అమెరికా సుప్రీంకోర్టు వదిలేసిన సందు మన రాజ్యాంగంలో లేదు.

రైలు పెట్టె కేసు

ఆ తీర్పు తరువాత దక్షిణాది రాష్ట్రాలకు ధైర్యం వచ్చింది. 1890లో లూసియానా రాష్ట్రం రైళ్ళలో తెల్లవారికి, నల్లవారికి వేరువేరు పెట్టెలు ఉండాలని చట్టం చేసింది. అందులో ఒక మినహాయింపు ఉంది. అవతలి జాతి పిల్లలను చూసుకునే ఆయాలకు ఆ చట్టం వర్తించదు. అంటే నల్లజాతి స్త్రీ తెల్లవారి బిడ్డను ఎత్తుకుని కూర్చుంటే ఆ పెట్టెలో ఉండవచ్చు. టిక్కెట్టు కొనుక్కుని ప్రయాణికురాలిగా కూర్చుంటే మాత్రం నేరం.

న్యూ ఓర్లీన్స్‌లోని నల్లజాతి, మిశ్రమ జాతి పౌరులు ఒక కమిటీగా ఏర్పడి ఈ చట్టాన్ని కోర్టులో ఎదిరించాలనుకున్నారు. చందాలు పోగుచేశారు. 1892 జూన్ 7న హోమర్ ప్లెసీ అనే చెప్పులు కుట్టే యువకుడు మొదటి తరగతి టిక్కెట్టు కొని తెల్లవారి పెట్టెలో కూర్చున్నాడు. ఆయన ముత్తాతల తరంలో ఎనిమిది మందిలో ఏడుగురు తెల్లవారే. చూడడానికి తెల్లవాడిలాగే ఉంటాడు. అయినా తన జాతి సంగతి చెప్పి, లేవనన్నాడు. అరెస్టు చేశారు. కేసు నాలుగేళ్ళకు సుప్రీంకోర్టు తీర్పు దాకా వచ్చింది.

1896 మే 18న ఏడుగురు న్యాయమూర్తులు ఆ చట్టం చెల్లుతుందన్నారు. ఒకరు కేసులో పాల్గొనలేదు. వేరువేరుగా ఉంచినా సమానంగానే ఉంచారు కదా, ఇందులో అవమానం కనిపిస్తే అది నల్లజాతి వారు ఊహించుకుంటున్నదే అని ఏడుగురి తరఫున తీర్పు రాసిన జస్టిస్ బ్రౌన్ తేల్చారు. ఆయన పుట్టింది బానిసత్వం లేని మసాచుసెట్స్‌లో. అవమానం కనిపించింది మాత్రం బానిసల మధ్య పెరిగిన హార్లన్‌కే.

హార్లన్ మళ్ళీ ఒంటరిగా రాశారు. ఈ చట్టం ఎందుకు చేశారో తెలియనివారు దేశంలో ఎవరూ లేరని, తెల్లవారిని నల్లవారి పెట్టెల్లోకి పోకుండా ఆపడానికి కాదని, నల్లవారిని తెల్లవారి దరికి రానివ్వకుండా చేయడానికేనని కుండబద్దలు కొట్టారు. రాజ్యాంగానికి రంగు కనిపించదని, పౌరుల్లో పాలించే వర్గమంటూ ఏదీ లేదని, కులమనేది ఈ దేశంలో లేదని అన్నారు. మన సమాజాన్ని గురించి రాసేటప్పుడు ఇంగ్లీషులో కులానికి ఏ పదం వాడతారో సరిగ్గా ఆ పదాన్నే ఆయన వాడారు. ఎంత పేదవాడైనా చట్టం ముందు ఎంత బలవంతుడికైనా సాటి అని చెప్పారు. ఈ తీర్పు ఒకనాటికి డ్రెడ్ స్కాట్ తీర్పు అంత అపకీర్తి పొందుతుందని కూడా హెచ్చరించారు.

ఆనాడు ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు తక్కువ. పత్రికల్లో అది పెద్ద వార్త కూడా కాలేదు. ప్లెసీ 1897లో 25 డాలర్ల జరిమానా కట్టి తన పనికి తాను వెళ్ళిపోయాడు. వేరువేరు పెట్టెలతో మొదలైనది బడులకు, ఆస్పత్రులకు, తాగునీటి కుళాయిలకు, శ్మశానాలకు పాకింది.

హైస్కూలు కేసు

హార్లన్‌ను పొగిడేవారు చాలామంది ఈ కేసు గురించి చెప్పరు. మనం ప్రభుత్వ బడుల్లో, ప్రభుత్వ వసతి గృహాల్లో చదువుకునేవాళ్ళం కాబట్టి మనం తప్పకుండా తెలుసుకోవాలి.

జార్జియా రాష్ట్రంలోని అగస్టా పట్టణంలో నల్లజాతి పిల్లలకు వేర్ హైస్కూలు అని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉండేది. 1897లో విద్యా బోర్డు దాన్ని మూసేసింది. ప్రాథమిక తరగతుల నల్లజాతి పిల్లలు వందల్లో ఉన్నారని, వారికి చోటు చాలడం లేదని, హైస్కూల్లో ఉన్నది సుమారు అరవై మందేనని, ఆ భవనాన్ని చిన్నపిల్లలకు ఇస్తున్నామని చెప్పింది. తెల్లవారి పిల్లల ఉన్నత విద్యకు మాత్రం ఖర్చు ఆపలేదు. పన్నులు కడుతున్న నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకు వెళ్ళారు. మా పిల్లలకు హైస్కూలు లేనప్పుడు మా పన్నుతో వారి హైస్కూలు నడపడం న్యాయమా అని అడిగారు.

1899లో సుప్రీంకోర్టు ఆ తల్లిదండ్రుల వాదనను తోసిపుచ్చింది. ఈసారి న్యాయమూర్తులందరిదీ ఒకే మాట. ఆ తీర్పు రాసింది హార్లనే. తెల్లవారి బడిని ఆపినంత మాత్రాన నల్లజాతి పిల్లలకు బడి రాదని, బోర్డు జాతి ద్వేషంతోనే ఈ పని చేసిందని రుజువు కాలేదని, బడుల నిర్వహణ రాష్ట్రాల వ్యవహారమని ఆయన రాశారు. వకీళ్ళు కేసు వేసిన పద్ధతి ఇరుకుగా ఉందని, అడిగిన పరిహారం తప్పని కొందరు ఆయనను సమర్థిస్తారు. కానీ రైలు పెట్టెలో చట్టం వెనక ఉన్న ఉద్దేశం చూడగలిగిన కళ్ళు, మూతపడిన బడి వెనక ఉన్న ఉద్దేశాన్ని ఎందుకు చూడలేదన్న ప్రశ్నకు ఆ సమర్థన సరిపోదు. ఆ అరవై మంది పిల్లల చదువు ఆగిన బాధ్యతలో ఆయనకూ భాగముంది.

మరొక లోపం కూడా ఉంది. ప్లెసీ కేసు అసమ్మతి తీర్పులోనే చైనీయుల గురించి ఆయన చిన్నచూపుతో రాశారు. 1898లో చైనా తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌కు పౌరసత్వం ఉందని కోర్టు చెప్పినప్పుడు, ఉండరాదన్న పక్షంలో హార్లన్ చేరారు. ఒక అన్యాయాన్ని చూడగలిగినవారు ఇంకొక అన్యాయాన్ని చూడలేకపోవడం ఆయన జీవితంలో మనం గమనించవలసిన విషయం.

చటనూగా వంతెన

1906లో టెనెసీలోని చటనూగా పట్టణంలో ఎడ్ జాన్సన్ అనే నల్లజాతి యువకుడికి తెల్లజాతి యువతిపై అత్యాచారం చేశాడన్న నేరం మీద హడావుడిగా మరణశిక్ష వేశారు. సాక్ష్యం బలహీనం. నోవా పార్డెన్ అనే నల్లజాతి వకీలు వాషింగ్టన్ వెళ్ళి హార్లన్‌ను కలిసి పరిస్థితి వివరించారు. హార్లన్ విన్నారు. సుప్రీంకోర్టు అప్పీలు స్వీకరించి శిక్షను నిలిపివేసింది. ఆ వార్త చటనూగా చేరిన మార్చి 19 రాత్రే ఒక గుంపు జైలు బద్దలు కొట్టి జాన్సన్‌ను లాక్కెళ్ళి వాల్నట్ వీధి వంతెన మీద ఉరితీసి కాల్చి చంపింది. కాపాడవలసిన షెరిఫ్ షిప్ కాపలా తీసేసి గుంపుకు దారి వదిలాడు.

సుప్రీంకోర్టు దీన్ని ఊరుకోలేదు. తన ఉత్తర్వును ధిక్కరించినందుకు షెరిఫ్‌ను స్వయంగా విచారించింది. ఆ కోర్టు చరిత్రలో అది జరిపిన క్రిమినల్ విచారణ ఇదొక్కటే. 1909లో షెరిఫ్‌తోపాటు మరో ఐదుగురు దోషులని తేల్చారు. షెరిఫ్‌కు పడిన శిక్ష 90 రోజుల జైలు. ఒక ప్రాణానికి అది చాలా చిన్న శిక్షే. 2000లో టెనెసీ కోర్టు ఎడ్ జాన్సన్‌పై పాత తీర్పును కొట్టివేసింది.

ఇతర తీర్పులు

హార్లన్ రాసినవి జాతి వివక్ష కేసులు మాత్రమే కాదు. 1895లో ధనవంతుల ఆదాయం మీద పన్ను చెల్లదని కోర్టు అన్నప్పుడు ఆయన గట్టిగా విభేదించారు. 1913లో 16వ సవరణ ద్వారా ఆదాయపు పన్ను అమెరికాకు వచ్చింది. 1905లో రొట్టెల బట్టీల్లో కార్మికుల పని రోజుకు పది గంటలు, వారానికి అరవై గంటలు మించరాదన్న న్యూయార్క్ చట్టాన్ని కోర్టు కొట్టేసింది. బట్టీ దగ్గర వేడిలో, పిండి దుమ్ములో ఊపిరితిత్తులు పాడైపోతున్నాయని, ఆ చట్టం ఆరోగ్యం కోసమేనని హార్లన్ అసమ్మతి తెలిపారు. అదే సంవత్సరం మశూచి టీకా వేయించుకోనన్న ఒక వ్యక్తి కేసులో, ప్రజల ఆరోగ్యం కోసం టీకాను తప్పనిసరి చేయవచ్చని కోర్టు తరఫున తీర్పు రాశారు. 2020లో కరోనా వచ్చినప్పుడు అమెరికా కోర్టులు ఈ తీర్పును మళ్ళీ మళ్ళీ తిరగేశాయి.

1908లో కెంటకీలోని బెరియా కాలేజీ కేసు వచ్చింది. ఆ కాలేజీలో తెల్ల, నల్ల విద్యార్థులు కలిసి చదువుకునేవారు. 1904లో రాష్ట్రం అలా కలిపి చదివించడాన్ని నేరం చేసింది. సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని సమర్థించింది. 75 ఏళ్ళ హార్లన్ తన సొంత రాష్ట్రపు చట్టాన్ని తప్పుపట్టారు. ఇష్టపడి ఒక బెంచీ మీద కూర్చుని చదువుకునే పిల్లలను ఏ ప్రభుత్వమూ విడదీయరాదన్నారు.

మనిషిగా

హార్లన్ ఆరడుగులు దాటిన ఆజానుబాహువు. పొగాకు నమిలే అలవాటు ఉండేది. ముసలితనంలో గోల్ఫ్ ఆట మీద మోజు పెంచుకున్నారు. అప్పులు ఎప్పుడూ వెన్నంటే ఉండేవి. 1889 నుంచి చాలా ఏళ్ళు, నేడు జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంగా ఉన్న కొలంబియన్ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ శాస్త్రం బోధించారు. ఆదివారాలు చర్చిలో బైబిలు తరగతి చెప్పేవారు.

దాదాపు 34 సంవత్సరాలు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి, 1911 అక్టోబరు 14న వాషింగ్టన్‌లో 78వ ఏట కన్నుమూశారు. అప్పటికి ప్లెసీ తీర్పు చెక్కుచెదరలేదు. తాను రాసినది నెగ్గడం ఆయన కళ్ళారా చూడలేదు.

ఆయన తరువాత

కానీ రాసినది పోలేదు. నల్లజాతి వకీలు థర్గుడ్ మార్షల్ బడుల్లో జాతి వివక్ష మీద కేసులు నడుపుతున్న రోజుల్లో, మనసు కుంగినప్పుడు హార్లన్ అసమ్మతి తీర్పును బిగ్గరగా చదువుకునేవారని ఆయనతో పనిచేసినవారు చెప్పారు. 1954 మే 17న బ్రౌన్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒక్క గొంతుతో, వేరువేరు బడులు ఎన్నటికీ సమానం కావన్నారు. ప్లెసీ తీర్పు వచ్చిన 58 సంవత్సరాలకు ఒంటరి గొంతు చెప్పిన మాట కోర్టు మొత్తం చెప్పిన మాట అయింది. మరుసటి ఏడాది హార్లన్ మనవడు, అదే పేరు గల జాన్ మార్షల్ హార్లన్ ఆ కోర్టులోనే న్యాయమూర్తి అయ్యారు. 1964లో కొత్త పౌరహక్కుల చట్టం వచ్చి హోటళ్ళ, సినిమాహాళ్ళ తలుపులు అందరికీ తెరిచింది. 2022 జనవరిలో లూసియానా గవర్నరు, ఎప్పుడో 1925లో చనిపోయిన హోమర్ ప్లెసీకి క్షమాభిక్ష ప్రకటించారు.

మిత్రులారా! ఈ జీవితం నుంచి మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. పుట్టిన ఇల్లు, పెరిగిన పద్ధతి, నిన్న మాట్లాడిన మాట మనిషిని కట్టిపడేయనవసరం లేదు. తప్పని తెలిసినప్పుడు నలుగురిలో ఒప్పుకుని మారవచ్చు. అలాగే, ఓడిపోతామని తెలిసినా నిజాన్ని కారణాలతో సహా రాసి పెడితే, మనకు తెలియని ఎవరికో అది ఒకనాడు ఆధారమవుతుంది. అగస్టా హైస్కూలు కేసును కూడా మరిచిపోవద్దు. ఎంత మంచి న్యాయమూర్తి ఉన్నా, బడి మూతపడితే నష్టపోయేది పిల్లలే. అందుకే న్యాయాన్ని గొప్పవారికి వదిలేసి ఊరుకోకూడదు. ఆ తల్లిదండ్రుల్లాగా, న్యూ ఓర్లీన్స్ కమిటీలాగా, చటనూగా నుంచి వాషింగ్టన్ దాకా వెళ్ళిన నోవా పార్డెన్‌లాగా మనమే అడగాలి. అలా అడగగలిగే వకీళ్ళు, న్యాయం చెప్పగలిగే న్యాయమూర్తులు మన వసతి గృహాల నుంచి కూడా రావాలని కోరుకుందాం.